ఎండకు పికప్ తగ్గిన టర్బో కారు: రీమ్యాప్ బండి ఉన్నవాళ్లకు వేసవి మార్గదర్శి

డిసెంబరులో రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ లెక్కలు మార్చడం) చేయించినప్పుడు సీటుకు అదిమిపెట్టిన బండి, మే వచ్చేసరికి మొద్దుబారిందని చాలామంది అంటుంటారు. పొద్దున్నే హన్మకొండలో బయలుదేరితే బాగానే లాగుతుంది. మధ్యాహ్నం రెండింటికి పెద్దపల్లి దాటి రామగుండం వైపు పోతుంటే, ముందున్న లారీని దాటడానికి కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించాల్సి వస్తుంది. అప్పుడు వచ్చే అనుమానాలు మూడే: ట్యూనర్ (రీమ్యాప్ చేసినవాడు) మోసం చేశాడు, పెట్రోలు కల్తీ, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపేది) పోయింది. చాలాసార్లు ఈ మూడూ కాదు. ఇంజిన్ తనను తాను కాపాడుకోవడానికి కావాలనే పవర్ తగ్గించుకుంటుంది. ఎందుకు తగ్గించుకుంటోందో పట్టుకుంటే సగం పని అయినట్టే.

మనవాళ్లు దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కిన వేడి గాలిని చల్లబరిచేది) కొంటారు, తర్వాత మ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ లెక్కలు) మార్పిస్తారు, అన్నీ అయ్యాక ఎవరో చెబితే స్కానర్ పెట్టి చూస్తారు. సరైన వరుస ఏమిటంటే ముందు కొలవాలి, తర్వాత శుభ్రం చేయాలి, ఆ తర్వాత పెట్రోలు, మ్యాప్ చూడాలి. పార్టులు అన్నిటికన్నా చివర. ఇదంతా ముఖ్యంగా పెట్రోలు టర్బో బండ్ల గురించి. డీజిల్ గురించి చివర్లో కొంచెం చెప్తాను.

ముందు లెక్క

వేడి గాలి పలచగా ఉంటుంది. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సుమారు 6 శాతం పలచన. టర్బో లేని బండికి కథ దాదాపు ఇక్కడితో అయిపోతుంది. టర్బో బండికి ఇక్కడ మొదలవుతుంది, ఎందుకంటే గాలిని నొక్కితే అది ఇంకా వేడెక్కుతుంది.

టర్బో అదనంగా పెంచే గాలి ఒత్తిడినే బూస్టు అంటారు. 1 బార్ బూస్టు అంటే లోపలి ఒత్తిడి బయటి గాలికి రెట్టింపు. టర్బోలో గాలిని నొక్కే భాగం, అంటే కంప్రెసర్, 70 శాతం సామర్థ్యంతో పనిచేస్తోందనుకుందాం. చలికాలం పొద్దున 15 డిగ్రీలతో లోపలికి పోయిన గాలి కంప్రెసర్ దాటేసరికి 105 డిగ్రీల దగ్గర ఉంటుంది. అదే మే నెలలో 45 డిగ్రీలతో పోతే 145 అవుతుంది. ఇంటర్‌కూలర్ ఆ పెరిగిన వేడిలో 70 శాతం తీసేసినా, చలికాలం ఇంజిన్‌కు 42 డిగ్రీల గాలి అందుతుంది, ఎండాకాలం 75 డిగ్రీల గాలి అందుతుంది. ఒత్తిడి ఒకటే, కానీ గాలి దాదాపు 10 శాతం తగ్గిపోయింది.

ఇప్పుడు రీమ్యాప్ సంగతి. బూస్టును 1.3 బార్‌కు పెంచితే అదే ఎండలో కంప్రెసర్ నుంచి వచ్చే గాలి 165 డిగ్రీలు దాటుతుంది. కంపెనీ పెట్టిన టర్బో చిన్నది. దాన్ని హాయిగా తిరిగే హద్దు దాటించి తిప్పితే సామర్థ్యం పడిపోతుంది. 60 శాతానికి పడితే గాలి 185 డిగ్రీల పైకి పోతుంది. స్టేజ్ 1 (పార్టులు మార్చకుండా రీమ్యాప్ మాత్రమే) చేయించిన బండికి ఎండ ఎక్కువగా తగలడానికి కారణం ఇదే. కంపెనీవాళ్లు ఎండ కోసం వదిలిపెట్టిన జాగాను మనం ముందే వాడేసుకున్నాం.

దీనికి తోడు ఇంకొక చిక్కు ఉంది. ఇప్పటి ఈసీయూలు (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్లు) చాలావరకు ఇంత బూస్టు కావాలని కాకుండా ఇంత టార్క్ (తిప్పే బలం) కావాలని లెక్కేస్తాయి. గాలి పలచబడితే ఆ లోటు పూడ్చడానికి టర్బోను ఇంకాస్త గట్టిగా తిప్పమంటాయి. గట్టిగా తిరిగితే గాలి ఇంకా వేడెక్కుతుంది. ఒక హద్దు దాటాక సిలిండర్‌లో మిగిలిన పెట్రోలు, స్పార్క్ అంటించిన మంట చేరకముందే తనంతట తానే అంటుకోవడం మొదలవుతుంది. అదే నాకింగ్. నాక్ సెన్సర్ పట్టుకోగానే ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి లాగుతుంది, అంటే స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. గాలి పలచబడ్డం వల్ల పోయే పవర్ కన్నా టైమింగ్ వెనక్కి పోవడం వల్ల పోయే పవరే మనకు ఎక్కువగా తెలుస్తుంది. ఇంజిన్ తన్నడం మానేసి తోస్తున్నట్టు ఉంటుంది.

మీ బండిలో ఇంటర్‌కూలర్ ఏ రకం

ఇది తెలియకుండా ముందుకు పోవద్దు. రెండు రకాలున్నాయి. ఒకటి గాలికి చల్లబడేది: బంపర్ వెనక రేడియేటర్‌లా కనిపిస్తుంది, దానికి రెండు పక్కలా లావు పైపులుంటాయి. ఆక్టేవియా వీఆర్‌ఎస్ లాంటి బండ్లలో ఉండేది ఇదే. రెండోది నీళ్లకు చల్లబడేది: ఇంటర్‌కూలర్ ఇంజిన్ దగ్గరే ఉంటుంది, దానికి వేరే చిన్న కూలెంట్ సర్క్యూట్, కరెంటుతో తిరిగే పంపు, ముందువైపు ఇంకో రేడియేటర్ ఉంటాయి. వర్టస్, టైగన్, స్లావియా, కుశాక్‌లోని 1.0 టీఎస్ఐ ఇంజిన్ ఈ రకం.

రెండింటి గుణం వేరు. గాలి రకం బండి కదులుతుంటే తొందరగా చల్లబడుతుంది, కాజీపేట బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో నిలబడితే తొందరగా వేడెక్కుతుంది. నీళ్ల రకం మొదట కొద్దిసేపు వేడిని మింగేసి ఏమీ కానట్టే ఉంటుంది, కానీ ఆ నీళ్లు ఒకసారి కాగాయంటే మళ్లీ చల్లారడానికి చాలా టైమ్ తీసుకుంటుంది. అందుకే ఈ రకం బండి ఉన్నవాళ్లు "మొదటి రెండు ఓవర్‌టేకులు బ్రహ్మాండం, తర్వాత ఏమీ లేదు" అంటారు. గాలి రకంవాళ్లు "సిటీలో చచ్చిపోతుంది, హైవే ఎక్కితే లేస్తుంది" అంటారు. మీ ఫిర్యాదు ఈ రెంటిలో ఏదో చూసుకోండి. రోగం ఎక్కడుందో అదే సగం చెప్తుంది.

కొలవడం

కావాల్సినవి బండి కంప్యూటర్ అంకెలను ఫోన్‌కు పంపే ఒక ఓబీడీ అడాప్టర్, ఫోన్‌లో టార్క్ లేదా కార్ స్కానర్ లాంటి యాప్. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్లకు వీసీడీఎస్, ఓబీడీ ఎలెవెన్ అనే స్కానర్లలో ఏదైనా ఉంటే ఇంకా మంచిది, సిలిండర్‌వారీగా టైమింగ్ ఎంత వెనక్కి పోయిందో కూడా చూపిస్తాయి. చవక అడాప్టర్లు నిదానంగా చదువుతాయి. పదిహేను అంకెలు ఒకేసారి అడిగితే ఒక్కొక్కటి రెండు మూడు సెకన్లకోసారి వస్తుంది, అది దేనికీ పనికిరాదు. ఐదారు చాలు: ఇంజిన్‌లోకి పోయే గాలి వేడి, మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) ఒత్తిడి, ఇగ్నిషన్ టైమింగ్, ఆర్‌పీఎం, కూలెంట్ వేడి, థ్రాటిల్ (గాలి దారిని తెరిచి మూసే తలుపు).

ఇక్కడ ఒక మెలిక ఉంది. యాప్‌లో "ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్" అని కనిపించే అంకె అన్ని బండ్లలో ఒకే చోటు నుంచి రాదు. కొన్నింటిలో అది ఎయిర్‌ఫిల్టర్ డబ్బా దగ్గరున్న సెన్సర్, అంటే టర్బోకు ముందు గాలి. కొన్నింటిలో మానిఫోల్డ్ దగ్గరున్నది, అంటే ఇంటర్‌కూలర్ దాటిన గాలి. మనకు కావాల్సింది రెండోది. తేడా తేల్చుకోవడం సులువు. రోడ్డు ఖాళీగా ఉన్నచోట మూడో గేర్‌లో కొన్ని సెకన్లు గట్టిగా తొక్కండి. అంకె వెంటనే పైకి పాకితే అది ఇంటర్‌కూలర్ తర్వాతది. అసలు కదలకపోతే ఫిల్టర్ దగ్గరిది. అప్పుడు బండికి తగిన ప్రత్యేక స్కానర్ కావాల్సిందే, లేకపోతే ఎంత లాగ్ (అంకెల రికార్డు) తీసినా అసలు రోగం కనబడదు.

ఇప్పుడు పరీక్ష. ఒకే రోడ్డు ముక్క, ఒకే దిశ, ఒకే పెట్రోలు, ట్యాంకులో దాదాపు అంతే మట్టం, బండిలో అదే మనుషులు. ఒకసారి పొద్దున్నే ఎండ రాకముందు, ఒకసారి మధ్యాహ్నం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, మూడో గేర్‌లో 2000 ఆర్‌పీఎం దగ్గర స్థిరపడి, పెడల్ పూర్తిగా తొక్కి 4000 దాకా పోనివ్వండి. స్పీడు లిమిట్ లోపలే ఆ మాత్రం సరిపోతుంది. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టండి. పెడల్ అడుగున ఉండే కిక్‌డౌన్ బటన్ నొక్కితే గేర్ మారిపోయి లాగ్ చెడిపోతుంది. ఒకసారి ఏసీ ఆపి, ఒకసారి ఏసీతో తీయండి. ఏసీ కంప్రెసర్ కొంత పవర్ తినేస్తుంది, పైగా ముందున్న కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే భాగం) వదిలే వేడి నేరుగా వెనకున్న రేడియేటర్ల మీద పడుతుంది.

ఫోన్ పక్కన కూర్చున్నవాళ్ల చేతిలో ఉండాలి. జాతీయ రహదారి 163 అయినా, రాజీవ్ రహదారి అయినా, యాసంగి కోతల టైమ్‌లో రోడ్డు సగం వడ్లు ఆరబోసి ఉంటుంది, చీకట్లో అంచుకు రాళ్లు పెట్టి ఉంటాయి. పొద్దున పరీక్ష అంటే తెల్లవారాకే, అదీ ముందు ఒకసారి నిదానంగా ఆ ముక్క మొత్తం చూసొచ్చాకే.

మూడో లాగ్ కూడా ఒకటి తీయండి, ఇది చాలామంది వదిలేస్తారు. మధ్యాహ్నం గట్టిగా నడిపాక జనగామ దగ్గర టీకి ఆపినట్టు పది పదిహేను నిమిషాలు బండి ఆపేసి, మళ్లీ స్టార్ట్ చేసి లాగ్ పెట్టండి. ఇంజిన్ ఆగాక బానెట్ కింద గాలి ఆడదు, టర్బో, ఎగ్జాస్ట్ వదిలే వేడంతా ప్లాస్టిక్‌లోకి, సెన్సర్‌లోకి ఎక్కుతుంది. స్టార్ట్ చేయగానే గాలి వేడి భయపెట్టేలా చూపిస్తుంది. చూడాల్సింది ఆ అంకె ఎంత పెద్దదని కాదు. హైవే స్పీడు అందుకున్నాక అది ఎంతసేపట్లో కిందికి దిగుతుందని.

లాగ్ చదవడం

ఏకంగా 70, 80 డిగ్రీలు చూసి టెన్షన్ పడకండి. బయటి వేడిని తీసేసి చూడాలి. నా లెక్కలో, 80 స్పీడులో నింపాదిగా పోతున్నప్పుడు గాలి రకం ఇంటర్‌కూలర్ ఉన్న బండి బయటి వేడి కన్నా పదీ పదిహేను డిగ్రీల పైన ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టే. నీళ్ల రకానికి ఇంకొంచెం ఎక్కువ ఒప్పుకోవచ్చు. గట్టిగా తొక్కినప్పుడు పెరగాలి, వదిలేశాక ఒకట్రెండు నిమిషాల్లో దిగాలి. పెరగడం జబ్బు కాదు. దిగకపోవడం జబ్బు.

నింపాదిగా పోతున్నా బయటి వేడికి ముప్పై డిగ్రీల పైన ఇరుక్కుపోయి ఉందంటే, ఇంటర్‌కూలర్‌కు గాలి తగలట్లేదు, లేదా నీళ్ల సర్క్యూట్ తిరగట్లేదు. ముందు శుభ్రం సంగతి చూడండి.

గాలి వేడి ఫర్వాలేదు కానీ పెడల్ తొక్కగానే టైమింగ్ పొద్దున లాగ్ కన్నా బాగా తక్కువగా ఉందంటే పెట్రోలు, ప్లగ్గులు, లేదా లోపల కార్బన్. అన్ని సిలిండర్లూ సమానంగా వెనక్కి పోతే పెట్రోలు మీదే నా అనుమానం. ఒక్క సిలిండర్ మాత్రమే పోతుంటే ఆ ప్లగ్గు, ఆ కాయిల్ తీసి చూడాలి.

అడిగిన బూస్టు ఎక్కువ, వచ్చింది తక్కువ అయితే అది ఎండ తప్పు కాకపోవచ్చు. హోస్ క్లాంపు వదులవడం, రబ్బరు మెత్తబడి పగలడం, వేస్ట్‌గేట్ (బూస్టును అదుపులో ఉంచే తలుపు) సరిగా మూసుకోకపోవడం. ఎండకు రబ్బరు మెత్తబడి చలికాలం కనబడని లీకు ఇప్పుడు కనబడుతుంది కాబట్టి ఎండే కారణమనిపిస్తుంది. అడిగిందే తక్కువగా ఉంటే మాత్రం ఈసీయూ కావాలనే తగ్గించింది. పెడల్ పూర్తిగా తొక్కినా థ్రాటిల్ సగంలో మూసుకుంటుంటే అదీ అలాంటిదే. ఆ క్షణంలో కూలెంట్, ఆయిల్, గాలి, ఈ మూడింట్లో ఏది ఎక్కువగా ఉందో చూడండి.

అన్నీ బాగుండి కూడా బండి నిదానమైతే గేర్‌బాక్సు వైపు తిరగండి. ఫోక్స్‌వ్యాగన్ ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు, డీక్యూ200, 250 న్యూటన్ మీటర్ల టార్క్‌కు తయారుచేసింది. 1.5 టీఎస్ఐ ఇంజిన్ కంపెనీ నుంచే 250 ఇస్తుంది. దాని మీద రీమ్యాప్ వేసి హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో అడుగడుగునా కదిలిస్తే క్లచ్ వేడెక్కి, గేర్‌బాక్సే ఇంజిన్‌ను టార్క్ తగ్గించమంటుంది. దానికి ఇంటర్‌కూలర్ మార్చి లాభం లేదు.

శుభ్రం

మన ప్రాంతంలో ఎక్కువమందికి తేడా వచ్చేది ఇక్కడే, ఖర్చు తక్కువయ్యేదీ ఇక్కడే. ఎనుమాముల మార్కెట్ వైపు పత్తి బండ్ల వెనక చలికాలమంతా తిరిగిన కారు ముందు గ్రిల్ తీసి టార్చి వేసి చూడండి. కండెన్సర్ రెక్కల మీద తెల్లటి దూది పలచగా అతుక్కుని ఉంటుంది. దాని మీద దుమ్ము పడుతుంది, తర్వాత కోతల టైమ్‌లో వడ్ల తాలు, పొట్టు వచ్చి చేరతాయి, రాత్రి పురుగులు దాన్ని జిగురులా పట్టిస్తాయి. కరీంనగర్ వైపు గ్రానైట్ లారీల దుమ్ము, గోదావరిఖని, మంచిర్యాల వైపు బొగ్గు దుమ్ము. బయటి నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే ఉంటుంది. అసలు చెత్త కండెన్సర్‌కూ దాని వెనకున్న రేడియేటర్‌కూ మధ్య సందులో ఉంటుంది. నీళ్ల సర్క్యూట్ రేడియేటర్ ఉండేది కూడా ఆ వరుసలోనే.

కడిగేది ఇలా. బండి చల్లారాక మాత్రమే. ముందు బంపర్ పైభాగం, కుదిరితే బంపర్ మొత్తం తీయించండి. ఒక తెలిసిన మెకానిక్ ఉంటే పెద్ద పనేమీ కాదు. మొదట మెత్తటి బ్రష్‌తో పైనున్న దూదిని పైనుంచి కిందికి లాగండి, అడ్డంగా రుద్దితే రెక్కలు పడుకుంటాయి. తర్వాత మామూలు తోట పైపు నీళ్లతో, వీలైతే ఇంజిన్ వైపు నుంచి బయటికి కడగండి. చెత్త వచ్చిన దారినే పోవాలి. సర్వీసింగ్ సెంటర్‌లో ప్రెషర్ గన్‌ను దగ్గరగా పెట్టి కొట్టనివ్వకండి. ఒక్క నిమిషంలో రెక్కలన్నీ పడుకుని గాలి దారి మూసుకుపోతుంది, అంతకుముందే నయమనిపిస్తుంది. జిగురు ఎక్కువైతే ఏసీ మెకానిక్‌లు వాడే కాయిల్ క్లీనర్, అది అల్యూమినియం‌కు పడేదేనా అని సీసా మీద చూసి. పడుకున్న రెక్కలను నిలబెట్టడానికి వాళ్ల దగ్గరే చిన్న దువ్వెన ఉంటుంది.

బంపర్ తీసినప్పుడే రేడియేటర్ల చుట్టూ ఉన్న ఫోమ్, ప్లాస్టిక్ గోడలు చూడండి. ఏదో చిన్న యాక్సిడెంట్ తర్వాత బాడీషాప్‌లో అవి తిరిగి పెట్టకపోవడం మామూలే. అవి లేకపోతే గ్రిల్‌లోంచి వచ్చిన గాలి ఇంటర్‌కూలర్ గుండా పోకుండా సందుల్లోంచి పక్కకు పోతుంది. ఇంజిన్ కింద ఉండే ప్లాస్టిక్ షీట్ కూడా అలాగే. "కింద రేకు తీసేస్తే గాలి బాగా ఆడుతుంది అన్నా" అని చెప్పేవాళ్లు ఉంటారు. బండి కదులుతున్నప్పుడు రేడియేటర్ వెనక ఒత్తిడి తక్కువగా ఉంటేనే ముందు గాలి లోపలికి లాగబడుతుంది. ఆ షీట్ పని అదే.

నీళ్ల రకంవాళ్లకు ఇంకో రెండు పనులు. ఇగ్నిషన్ ఆన్ చేసి స్కానర్ నుంచి ఆ చిన్న కరెంటు పంపును తిప్పించి చూడండి, శబ్దం గానీ హోస్‌లో కదలిక గానీ తెలియాలి. పంపు చచ్చిపోయినా చాలా బండ్లు మామూలుగా నడుస్తూనే ఉంటాయి, గాలి వేడి మాత్రం ఎక్కి దిగదు. రెండోది, కూలెంట్ మార్చినప్పుడు ఆ సర్క్యూట్‌లో గాలి బుడగ మిగిలిపోవడం. వాక్యూమ్ పెట్టి నింపితే ఆ సమస్య రాదు. కూలెంట్‌లో బోరు నీళ్లు మాత్రం కలపొద్దు, మన దగ్గర బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, సన్నటి గొట్టాల్లో పేరుకుపోతుంది. డిస్టిల్డ్ వాటర్, బండి పుస్తకంలో చెప్పిన కూలెంట్, అందులో చెప్పిన పాళ్లు.

ఎయిర్‌ఫిల్టర్ చూడండి, బూస్టు పైపుల క్లాంపులు బిగించండి, పొగ పెట్టి లీకు చూసే మిషన్ ఉన్న వర్క్‌షాప్ దొరికితే ఒకసారి చూపించండి. ఇవన్నీ అయ్యాక మధ్యాహ్నం లాగ్ మళ్లీ తీయండి. చాలామంది ప్రయాణం ఇక్కడితో ఆగిపోతుంది.

పెట్రోలు

ట్యూనర్ ఏ పెట్రోలు మీద మ్యాప్ రాశాడో అడగండి. ఈ ప్రశ్నకు జవాబు తడబడితే మ్యాప్ మీదే అనుమానపడాలి. ఎక్స్‌పీ100 లాంటి, నాకింగ్‌ను ఎక్కువ తట్టుకునే ఖరీదైన పెట్రోలు మీద రాసిన మ్యాప్‌తో, అది దొరకని ఊరి బంకులో మామూలు పెట్రోలు పోయించి మే ఎండలో తొక్కితే ఈసీయూ టైమింగ్ లాగక ఏం చేస్తుంది? ఆదిలాబాద్ దాకా పోయివచ్చే బండి అయితే మామూలు పెట్రోలు మీద నడిచే మ్యాపే వేయించుకోండి, మంచి పెట్రోలు దొరికినప్పుడు అది అదనం.

ఇప్పుడు మామూలు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ ఆవిరవుతూ చాలా వేడిని లాగేస్తుంది, నాకింగ్‌ను కూడా తట్టుకుంటుంది, అంటే ఎండలో కొంత మేలే. కానీ లీటరుకు ఇచ్చే శక్తి తక్కువ కాబట్టి అదే పవర్‌కు ఎక్కువ పెట్రోలు పోయాలి. బూస్టు పెంచిన డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే) ఇంజిన్‌లో హై ప్రెషర్ పంపు అప్పటికే అంచుమీద ఉంటుంది. లాగ్‌లో పెట్రోలు రైలు (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం) ఒత్తిడిని కూడా ఒకసారి చూసుకోండి. పైన ఆర్‌పీఎం దగ్గర అది అడిగినదాని కన్నా జారిపోతుంటే, మ్యాప్ ఆ మేరకు తగ్గించాల్సిందే.

ప్లగ్గుల సంగతి క్లుప్తంగా: పాతబడితే మార్చండి. బూస్టు బాగా పెంచిన బండికి ఒక మెట్టు చల్లటి రకం ప్లగ్గు, కాస్త తగ్గించిన గ్యాప్. ఎంతన్నది ట్యూనర్ చెప్పాలి.

మ్యాప్

ట్యూనర్ దగ్గరకు ఉత్త చేతులతో "పికప్ లేదు అన్నా" అని పోకండి. మూడు లాగ్‌లు తీసుకుని పోండి. మంచి ట్యూనర్ ఎవరో అక్కడే తెలిసిపోతుంది. లాగ్ తెరిచి గాలి వేడి, టైమింగ్ పక్కపక్కన పెట్టి చూసేవాడు మంచివాడు. "ఆ లిమిట్ తీసేస్తా, మళ్లీ పరిగెత్తుద్ది" అనేవాడి దగ్గర్నుంచి వెంటనే వచ్చేయండి.

ఈసీయూలో గాలి వేడిని బట్టి టైమింగ్, బూస్టు తగ్గించే పట్టికలు ఉంటాయి. ఎగ్జాస్ట్ మరీ వేడెక్కితే పెట్రోలు ఎక్కువ పోసి టర్బోను కాపాడే లెక్క ఉంటుంది. వీటిని చదును చేసేస్తే వేసవిలో కూడా చలికాలం పవర్ వచ్చినట్టే ఉంటుంది, పిస్టన్ రింగుల గట్టు పగిలేదాకా. మీరు అడగాల్సింది దానికి రివర్సు: 45 డిగ్రీల ఎండకు సరిపడే మ్యాప్. అంటే పైన ఆర్‌పీఎంలో బూస్టు కొంచెం తగ్గించి, టర్బోను దాని హాయి హద్దులోకి తెచ్చి, టైమింగ్ స్థిరంగా ఉండనిచ్చేది. కాగితం మీద పవర్ తక్కువ. మధ్యాహ్నం మూడో ఓవర్‌టేక్‌లో మాత్రం ఇదే ఎక్కువ ఇస్తుంది, ఎందుకంటే తక్కువ బూస్టుతో చల్లటి గాలి, దానికి సరైన టైమింగ్. నాకైతే వరంగల్‌లో ఉండే బండికి ఏడాదంతా ఈ మ్యాపే ఉంచుకోవడం నయమనిపిస్తుంది.

డైనో (బండి పవర్ కొలిచే మిషన్) కాగితం చూసేటప్పుడు కూడా ఒక మాట. డైనో దగ్గర ఉండే ఫ్యాను హైవే గాలికి సాటిరాదు, వరుసగా రన్‌లు చేస్తే మూడోది మొదటిదాని కన్నా తక్కువ వస్తుంది. పైగా చాలా డైనోలు వచ్చిన పవర్‌ను 25 డిగ్రీల వాతావరణానికి సరిచేసి చూపిస్తాయి. టర్బో బండి ఈసీయూ అప్పటికే గాలి లోటును బూస్టుతో పూడ్చుకుని ఉంటుంది కాబట్టి, వేడి రోజు ఆ సవరణ కాగితం మీద అంకెను ఉన్నదాని కన్నా పెంచి చూపించే అవకాశం ఉంది. సరిచేయని అంకె కూడా అడిగి తీసుకోండి.

ఇంకొకటి: మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. వారంటీకి, ఇన్సూరెన్సు క్లెయిముకు కూడా ఇబ్బందే. తెలిసి చేయించుకోండి.

పార్టులు

పైవన్నీ అయ్యాక కూడా, హైవే మీద నింపాదిగా పోతున్నా గాలి వేడి దిగట్లేదంటే అప్పుడు పెద్ద ఇంటర్‌కూలర్. గాలి రకం బండికి ఇది నిజంగా పనిచేసే పార్టు. కొనేటప్పుడు ఎత్తు, వెడల్పు చూడండి, మందానికి మరీ ఆశపడకండి. మందం ఎక్కువైతే గాలి గుండా పోవడం కష్టం, వెనకున్న రేడియేటర్‌కు గాలి తగ్గి కూలెంట్ వేడెక్కుతుంది. లోపలి దారి మరీ సన్నగా ఉంటే బూస్టు అక్కడే పడిపోతుంది, ఆ లోటు పూడ్చడానికి టర్బో ఇంకా గట్టిగా తిరుగుతుంది, మళ్లీ వేడి. నీళ్ల రకానికి ఇంటర్‌కూలర్ మార్చడం కన్నా ముందున్న చిన్న రేడియేటర్‌ను పెద్దది చేయడం, పంపును మంచి స్థితిలో ఉంచడం ఎక్కువ ఫలితమిస్తాయి.

టర్బో మీద వేడి ఆపే దుప్పటి, ఎగ్జాస్ట్ పైపుకు చుట్టు, పక్కన వేడి రేకు: బానెట్ కింద వేడి తగ్గిస్తాయి, ముఖ్యంగా ఆపి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు. ఖర్చుకు తగ్గ పని. బానెట్ కింద తెరిచి ఉండే కోన్ ఫిల్టర్ మాత్రం వద్దు. శబ్దం బాగుంటుంది, కానీ ఇంజిన్ వేడి గాలినే మళ్లీ పీలుస్తుంది. కంపెనీ డబ్బా గ్రిల్ దగ్గరి చల్లటి గాలి తీసుకునేలా పెట్టిందే, దాన్ని మించేది మన ఎండకు తక్కువ. నీళ్లు, మిథనాల్ చిమ్మే కిట్‌లు గాలి వేడిని బాగా దించుతాయి, కానీ మ్యాప్ దాని మీద ఆధారపడి ఉంటే, ట్యాంకు ఖాళీ అయిన రోజు ఇంజిన్‌కు చేటు. మిథనాల్ విషం కూడా, ఇంట్లో పిల్లలుంటే అసలు ఆలోచించకండి.

నడపడం

గట్టిగా నడిపాక చివరి రెండు మూడు కిలోమీటర్లు నింపాదిగా రండి, ఆగి ఇంజిన్ తిప్పుతూ కూర్చోవడం కన్నా అది మేలు. మధ్యలో ఎక్కడైనా ఆపితే నీడలో, ఇంకో బండి ఎగ్జాస్ట్ వెనక కాకుండా ఆపండి. మళ్లీ బయలుదేరాక గాలి వేడి దిగేదాకా ఆగి ఓవర్‌టేక్ చేయండి, దిగకముందే తొక్కితే నీళ్ల సర్క్యూట్ కోలుకోవడానికి చాలా టైమ్ పడుతుంది. 45 డిగ్రీల్లో ఏసీ ఆపి నడపమని మాత్రం ఎవరు చెప్పినా వినకండి, బండి కన్నా ముందు మనిషి పడిపోతాడు.

డీజిల్ బండ్లు

డీజిల్‌కు నాకింగ్ ఈ రూపంలో ఉండదు. అక్కడ గాలి తగ్గితే పొగ, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతాయి. రీమ్యాప్ చేసిన డీజిల్ వేసవి మధ్యాహ్నం నల్లపొగ వదులుతుంటే గాలికి మించి డీజిల్ పోస్తోందని అర్థం, మ్యాప్ తగ్గించాలి. బీఎస్6 డీజిల్‌లో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) శుభ్రం చేసుకునే టైమ్‌లో ఎగ్జాస్ట్ ఇంకా వేడిగా ఉంటుంది, అప్పుడు తీసిన లాగ్‌ను లెక్కలోకి తీసుకోకండి. శుభ్రం గురించి పైన చెప్పిందంతా వీటికీ వర్తిస్తుంది. ట్రాలీలో పత్తి, వడ్లు లాగే పికప్ బండ్లకైతే ఇంకా ఎక్కువ.

రెక్కలు కడగడానికి ఏడాదిలో రెండు సమయాలు సరిపోతాయి: పత్తి అమ్మకాలు అయిపోయాక ఫిబ్రవరి చివర్లో ఒకసారి, యాసంగి వడ్లు ఎత్తాక మే నెలలో ఒకసారి. రెండుసార్లూ కడిగాక మధ్యాహ్నం లాగ్ ఒకటి తీసి తారీఖు, బయటి వేడి, పోయించిన పెట్రోలు రాసి ఫోన్‌లో దాచుకోండి. వచ్చే ఏడాది బండి మళ్లీ మొద్దుబారినట్టు అనిపిస్తే పోల్చుకోవడానికి మీ బండి అంకెలే మీ దగ్గర ఉంటాయి.